అమెరికాలో మోగని పాట

పోయిన నెల రజియా మా ఇంటికి వచ్చి, కూతురి పెండ్లి పత్రికతో పాటు ఒక పాత బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టింది. రజియా ఖాసిం మాస్టరు కూతురు. మాస్టరు చనిపోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆ కబురు నాకు నెల తర్వాత, అదీ బస్సులో ఎవరో చెబితే తెలిసింది. నాకు ఫోను చేయలేదన్న కోపం అప్పటి నుంచీ ఉంది కనుక గడపలోనే అడిగేశాను. రజియా చెప్పులు విడుస్తూ, "పత్రిక ఇయ్యనీకొస్తె గూడ కొట్లాటేనా సులోచనక్కా? మొదలు మంచినీళ్లియ్యి, తర్వాత తిట్టు" అంది. నీళ్లు ఇచ్చాను. డబ్బా మూత తుప్పుతో బిగుసుకుపోయింది. చెంచా కాడతో లేపితే, ఇన్నేళ్ల తర్వాత కూడా, చింతపండుతో తోమిన ఇత్తడి వాసన వచ్చింది.

లోపల క్లారినెట్టు మూతికి బిగించే రెల్లు ముక్కలు నాలుగు, ఎర్ర కోటుది ఒక ఇత్తడి గుండీ, ఒక క్యాసెట్టు, నాలుగు మడతలు పెట్టిన గులాబీ రంగు కరపత్రం ఉన్నాయి. కరపత్రం మడతల దగ్గర చిరిగింది గాని పై వరుస చెక్కుచెదరలేదు. "అమెరికాను ఊపేసిన పాట, ఇక మీ ఇంటి పెండ్లిలో" అని ఉంది. దాని కింద, ఖాసిం బ్యాండు, దేవరకొండ. రజియా దాన్ని వేలితో చూపిస్తూ, "గిది ఎవలు రాసిన్రో గని, మా నాయినను బద్నాం చేసింది గీ ముక్కనే. చింపేస్తమంటె చింపనియ్యలే. డబ్బల పెట్టి దాసుకున్నడు" అంది. ఆ ముక్క రాసింది నేను. ఆ సంగతి మాస్టరుకు తెలుసు, నాకు తెలుసు. రజియాకు తెలియదనుకున్నాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. రొట్టెలు చేస్తాను, కూర్చోమని వంటింట్లోకి పోయాను.

నన్నెరిగిన వాళ్లకు నా గుణం తెలుసు. నాకు జరిగిన అవమానం ఒక్కటి కూడా నేను మరచిపోలేదు. ఇంటరులో ఇంగ్లీషు చెప్పే ఆయన నా పేపరు మీద 'చూసి రాసింది' అని రాశాడు. ఆ పరీక్షలో ఆ బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చున్నానని ఇప్పటికీ ఎవరికైనా చెప్పగలను. కొండమల్లేపల్లి దగ్గర చెయ్యెత్తినా ఆపని బస్సు నంబరు గుర్తుంది. ఒక బంతిలో నన్ను దాటేసి పక్కావిడ ఆకులో బూరె వేసిన మనిషి ముఖం గుర్తుంది. పోస్టు మాస్టరుకు, డిపో మేనేజరుకు, ప్రిన్సిపాలుకు రాసిన అర్జీల నకళ్లు ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. వీళ్లందరికంటే ముందు, పెట్టె అడుగున ఉన్నవాడు నందికొండ ఇంజనీరు. ఖాసిం మాస్టరు మాటను పదిమందిలో నేలపాలు చేసింది అతనేనని నేను ఇన్నేళ్లు చెప్పుకుంటూ వచ్చాను. చెప్పినప్పుడల్లా ఒక భాగం వదిలేసి చెప్పాను. ఇప్పుడు వదలకుండా రాస్తున్నాను.

అప్పుడు మేము దేవరకొండలో, ఖిలా గోడ కనబడే వీధిలో ఉండేవాళ్లం. ఊళ్లో బాపుకు చెలకలు ఉండేవి. వాన పడితే ఆముదాలు, జొన్నలు పండేవి, పడకపోతే బాపు ముఖం పండిన నిమ్మకాయలా ముడుచుకుపోయేది. మా చదువుల కోసమని తీసుకున్న ఆ ఇంటికి వెనకవైపు ఒక పొడవాటి రేకుల గది, దానికి వేరే దర్వాజా ఉండేవి. ఆ గదిని బాపు ఖాసిం మాస్టరుకు కిరాయికి ఇచ్చాడు. అందులో క్లారినెట్లు, బూరలు, డోళ్లు, గోడకు వేలాడే ఎర్ర కోట్లు. మా అవ్వ, అంటే బాపు వాళ్ల అమ్మ, పొద్దంతా ఆ గది ముందరి అరుగు మీదే కూర్చునేది. మధ్యలో ముక్కుపొడి పీల్చడానికి తప్ప ఆముదపు కాయలు ఒలిచే చేతులు ఆగేవి కావు. చారుకు పిసికిన చింతపండు పిప్పిని అవ్వ పారేయనిచ్చేది కాదు. వారమంతా ఒక మట్టి చిప్పలో కూడబెట్టి, శుక్రవారం నమాజు అయ్యాక బ్యాండు వాళ్ల ముందు పెట్టేది. వాళ్లు దానికి పొయ్యిలో బూడిద కలిపి బూరలు తోమేవాళ్లు. అవ్వ ఆముదం కాచే రోజు కూడా అదే అయితే, ఆ రెండు వాసనలూ కలిసి మా బట్టలకు పట్టేవి, కాలేజీలో పక్క పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. వాళ్ల పేర్లు కూడా గుర్తున్నాయి.

రోజూ మధ్యాహ్నం అవ్వ ఒక జొన్నరొట్టె మీద పచ్చిమిరపకాయల తొక్కు వేసి మాస్టరుకు పంపేది. "ఊదెటోనికి కడుపుల ఆధారముండాలె. లేకుంటె గాలొస్తది గని పాట రాదు" అనేది. మాస్టరు రొట్టెను కళ్లకు అద్దుకుని తినేవాడు. నేను ఆయనను చిచ్చా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. సన్నని మనిషి, మాట మెత్తన. వాయించేటప్పుడు మెడ నరాలు తాళ్లలా లేచేవి. ఆయనకు చదువు రాదు. పాటను కాగితం మీద రాసుకునే విద్య అసలే రాదు. మూఢాల్లో, పీర్ల నెలలో పెండ్లిళ్లు ఉండవు కనుక కొత్త పాటలు నేర్చేది అప్పుడే. ముందు పాట వినేవాడు. తర్వాత క్లారినెట్టు ముట్టకుండా, పాటను నోట్లో అనుకుంటూ వాకిట్లో బావి దగ్గర నుంచి గోడ దాకా నడిచేవాడు. పదహారు అడుగులు. ఆ పదహారు అడుగుల్లో పాట కాళ్లకు అడ్డం పడితే, అది ఎంత పెద్ద సినిమాదైనా వదిలేసేవాడు. "బరాత్‌ల పాటను చెవులతోని వినరు బిడ్డా, కాళ్లతోని వింటరు" అనేవాడు. ఒక్కో ఊరి నడక ఒక్కో తీరని కూడా ఆయన చెబితేనే నాకు తెలిసింది. దేవరకొండలో ఎత్తుపల్లాలు ఎక్కి దిగే కాళ్లు కనుక నిదానం పాట పడుతుందట. నార్కట్‌పల్లిలో వెనక నుంచి లారీలు హారను కొడుతుంటాయి కనుక ఉరికే పాట కావాలట. ఇక్కడ పది మంది ఎగిరిన పాటకు అక్కడ ఒక్కడు కాలు కదపడని ఆయనకు అనుభవం మీద తెలుసు.

ఆ క్యాసెట్టు ఒక టేపు రికార్డరు కడుపులో వచ్చింది. మాస్టరు బావమరిది దుబాయిలో ఒక ఇంగ్లండు కుటుంబానికి కారు నడిపేవాడు. వాళ్లు దేశం పోతూ వాడిన రికార్డరు ఇచ్చి పోయారు, అతను దాన్ని అక్కకు పంపాడు. మీట నొక్కితే లోపల మరచిపోయిన క్యాసెట్టు తిరిగింది. దాని మీద తెల్ల కాగితం అంటించి, నీలి సిరాతో ఏదో రాసి ఉంది. వాడకట్టులో ఇంగ్లీషు చదివేది నేనే కనుక నన్ను పిలిచారు. 'ది కోల్ యార్డ్ బాయ్స్, ఇంగ్లండ్' అని ఉంది. "ఏమని ఉన్నది పిల్లా?" అన్నాడు దానయ్య. దానయ్య పెద్ద డోలు వాయించేవాడు, ఎవరినీ వదలకుండా ఎగతాళి చేసేవాడు. "బొగ్గుల దొడ్డి పిల్లలు అని" అన్నాను. "అట్లయితె మనోళ్లే. రంగు గూడ కలుస్తది" అన్నాడు.

అందులో నాలుగో పాట మాస్టరుకు పట్టుకుంది. ఆ పాట రెండు సగాలు. మొదటి సగం మెట్లు దిగినట్టు కిందికి, కిందికి పోతుంది. రెండో సగంలో అన్నీ ఆగి, ఒక్క వాద్యం ఒంటరిగా పైకి ఎక్కడం మొదలు పెడుతుంది. మొదటి సగం విని అవ్వ, "ఎవలన్న సచ్చిన్రా ఏంది ఖాసిమూ, గీ పాటేంది?" అంది. మాస్టరు నవ్వి, "జర ఆగమ్మా, లేస్తడు" అన్నాడు. రెండో సగం వచ్చేసరికి ఆముదపు కాయలు ఒలిచే చేతులు ఆగాయి. ముక్కుపొడికి తప్ప ఆ చేతులు ఆగడం నేను చూడటం అదే మొదలు. నెల రోజులు మాస్టరు ఆ పాటతో బావి నుంచి గోడకు, గోడ నుంచి బావికి నడిచాడు. టేపు చిక్కుపడితే నేను పెన్సిలు దూర్చి చుట్టేదాన్ని. మాస్టరుకు ఒక ఆనవాయితీ ఉండేది, కొత్త పాట ఏదైనా ముందు ఖిలా కింది దర్గా దగ్గర ఊదాలి, ఆ తర్వాతే పెండ్లిళ్లలో. ఆ గురువారం దర్గా ముందర వాళ్లు ఆ పాట ఊదుతుంటే, ఫాతెహాకు వచ్చిన వాళ్లు, మొక్కులకు వచ్చిన వాళ్లు కలిసి మెల్లగా పాదాలు కదపడం చూశాను. ఆ సీజను మొత్తం దేవరకొండలో అదే పాట. పెండ్లికొడుకులు గుర్రం మీది నుంచి వంగి, "మాస్టరు, బొగ్గుల పాట" అని అడిగేవాళ్లు.

ఆ ఊపులో కరపత్రం వేద్దామన్న ఆలోచన నాదే. ప్రెస్సుకు ఇవ్వడానికి అరుగు మీద కూర్చుని రాశాను. చదివి వినిపిస్తే మాస్టరు నుదురు ముడిచాడు.

"ఇంగ్లండ్ అని ఉన్నదంటివి కద బిడ్డా, అమెరికా అని రాసినవేంది?"

"ఇంగ్లండంటె ఎవలొస్తరు చిచ్చా? తెల్లదొరలు పోయిన్రు, ఆ ముచ్చట పాతది. ఇప్పుడందరు అమెరికా అంటున్నరు. రెండు తావుల ఇంగ్లీషే కద. ఇంగ్లండ్ల మోగింది అమెరికాల మోగదా? నల్లగొండల మోగింది పాలమూరుల మోగదా?"

"మోగదు బిడ్డా" అన్నాడు మాస్టరు. "దేవరకొండల మోగింది నార్కట్‌పల్లిలనే మోగది. నడుమ సముద్రమున్నా మోగుతదా?"

దానయ్య అడ్డం వచ్చి, "రాయనీ మాస్టరు. అమెరికకు పోయి అడిగొచ్చెటోడెవడు మనల?" అన్నాడు. మాస్టరు ఇంకా ఏదో అనబోయి ఊరుకున్నాడు. చదువుకున్న పిల్ల చెబుతోంది కదా అని ఊరుకున్నాడని నాకు అప్పుడే తెలుసు. ఆ ఊరుకోవడం నాకు గొప్పగా అనిపించింది.

నా క్లాసుమేటు పద్మ వాళ్ల నాన్న నందికొండ కాలనీలో, డ్యాము ఆఫీసులో పనిచేసేవాడు. పద్మ పెండ్లికి ఏ బ్యాండు పెట్టాలని వాళ్లు మాట్లాడుకుంటుంటే నేనే కరపత్రం ఇచ్చాను. అమెరికా అన్న మాట చూసి మగపెండ్లి వాళ్లు కూడా సరేనన్నారు. పెండ్లికొడుకుకు ఎదురు వెళ్లే ఎదురుకోళ్ల సాయంత్రం నేను ఆడపెండ్లి పిల్లల్లో, పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని నిల్చున్నాను. మగపెండ్లి వాళ్లు గెస్టు హౌసులో దిగారు. అక్కడి నుంచి క్వార్టర్ల దాకా ఊరేగింపు. కింద రిజర్వాయరు మీద పొద్దు వాలుతోంది. మాస్టరు ఆ రోజు కోటు గుండీలు కూడా చింతపండుతో తోమించాడు. పెండ్లికొడుకు మేనమామ ఇంజనీరు. తెల్లచొక్కా, చేతికి బంగారు గొలుసు గడియారం. రిజర్వాయరు నడుమ ద్వీపంలోని బుద్ధుడి శిల్పాలు చూడటానికి వచ్చి అదే గెస్టు హౌసులో దిగిన ఒక అమెరికా ఆయనను, మన పెండ్లి చూపిస్తానని వెంటబెట్టుకు వచ్చాడు. ఆయన ఎండకు కందిపోయిన పొడుగాటి మనిషి, మెడలో కెమెరా, అందరికీ నమస్కారాలు పెడుతూ నడుస్తున్నాడు.

నీళ్ల ట్యాంకు దగ్గర దారి మలుపు తిరుగుతుంది. అక్కడికి వచ్చేసరికి మాస్టరు ఆ పాట ఎత్తుకున్నాడు. మొదటి సగం అయిపోతోంది. ఇంజనీరు చెయ్యెత్తి, "ఆపండయ్యా, ఆపండి" అన్నాడు. డోలు ఆగింది. జేబులో నుంచి గులాబీ కాగితం తీసి అందరికీ వినబడేలా చదివాడు. "అమెరికాను ఊపేసిందట. ఇదుగో, అమెరికా మనిషే మన మధ్యన ఉన్నాడు. అడిగి చూద్దామా?" జనం దగ్గరికి జరిగారు. ఇంజనీరు ఇంగ్లీషులో అడిగాడు. అమెరికా ఆయన మరొక్కసారి వాయించమని సైగ చేశాడు. మాస్టరు పాట మొదటి ముక్క మళ్లీ వాయించాడు. ఆయన తల ఒక పక్కకు వంచి విని, నవ్వి, తల అడ్డంగా ఊపి, నాలుగు మాటలు చెప్పాడు. ఇంజనీరు జనం వైపు తిరిగి, "పుట్టి బుద్ధెరిగాక ఈ పాట వినలేదటండీ" అన్నాడు. అందరూ నవ్వారు. పద్మ వాళ్ల నాన్న కూడా నవ్వాడు.

ఆయన చెప్పింది అంత మాత్రమే కాదు. ముక్కుతో పలికే ఆ ఇంగ్లీషు నాకు పూర్తిగా అర్థం కాకపోయినా కావలసినంత అర్థమైంది. నేనెప్పుడూ వినలేదు, కానీ చాలా బాగుంది, తర్వాత ఏమొస్తుందో వాయించమనండి, అన్నాడు. అని మాస్టరు వైపు చెయ్యి కూడా చాపాడు. ఇంజనీరు మొదటి మాట ఒక్కటే తెలుగు చేసి మిగతాది మింగేశాడు.

"ఎవరు చెప్పారయ్యా నీకు, ఇది అమెరికా పాటని?"

మాస్టరు చేతిరుమాలుతో క్లారినెట్టు మూతి తుడిచాడు. తల ఎత్తి జనం మీదుగా చూశాడు. ఆ చూపు నా మీద ఆగింది. నా చేతిలో పళ్లెం ఉంది. ఇంజనీరు సగం మింగాడని చెప్పవచ్చు, అమెరికా అని రాసింది నేనని చెప్పవచ్చు. రెండు మాటలూ నా దగ్గరే ఉన్నాయి. పద్మ వాళ్ల అత్తలు, చిన్నమ్మలు పట్టుచీరల్లో నా చుట్టూ ఉన్నారు. నేను కుంకుమ భరిణె మూత సరిచేశాను.

"ఎవలు చెప్పలే సార్" అన్నాడు మాస్టరు. "నేనే అనుకున్న."

"అనుకుంటే సరిపోతుందా? మాకు తెలిసిన పాటేదైనా వస్తే వాయించు. రాకపోతే ఊరికే నడువు."

ఆ మలుపు నుంచి పెండ్లి ఇంటి దాకా ఏదో పాత సినిమా పాట వాయించారు. రెండో సగం ఆ ఊళ్లో మోగలేదు. బ్యాండు వాళ్లకు చివరి బంతిలో ఆకులు వేశారు.

తర్వాత ఆ మాట మాస్టరు కన్నా ముందే దేవరకొండ చేరింది. కూరగాయల అంగట్లో, చాయ్ హోటల్లో, "ఏం మాస్టరు, అమెరికల ఎండలు ఎట్లున్నయ్?" అని అడిగేవాళ్లు. ఖాసిం మాస్టరు కొన్నాళ్లకు అమెరికా మాస్టరయ్యాడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు, పాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. పెండ్లికొడుకులు అడిగినా, "అది మరిచిపోయినం సార్" అనేవాడు. నేను ఊరుకోలేదు. ఆ బ్యాండు ఉందని, ఆ పాట నిజమని రుజువు చేసి ఆ ఇంజనీరు ముఖాన కొట్టాలని పట్టు పట్టాను. నెల తర్వాత ఒక రోజు అరుగు మీద దానయ్యతో, ఇంజనీరు సగమే చెప్పాడు, తెల్లాయన బాగుందన్నాడు, నేను నా చెవులతో విన్నానని కోపంగా చెప్పాను. దానయ్య ఏ ఎగతాళీ చేయకుండా నా ముఖం చూసి వెళ్లిపోయాడు. విదేశాలకు పోయే నీలి కాగితాలు కొని లండను రేడియోకు మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి ఒక అచ్చు కార్డు వచ్చింది. వాళ్ల కార్యక్రమాలు ఏ వేళకు వినవచ్చో అందులో ఉంది. "ఏమొచ్చింది?" అంది అవ్వ. చెప్పాను. "నువ్వు చెప్పింది వాళ్లు వినకపాయిరి. వాళ్లు చెప్పింది నువ్వు వినాల్నంట" అంది. ఆ కార్డూ ట్రంకు పెట్టెలో ఉంది.

ఎండాకాలం మొదట్లో ఒక రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి వెనక గది ఖాళీగా ఉంది. నల్లగొండ రోడ్డు మీద పెద్ద షెడ్డు దొరికిందని బాపుతో చెప్పి మాస్టరు సామాను తీసుకుపోయాడట. గోడకు కోట్లు వేలాడిన మేకులు మాత్రం మిగిలాయి. నాతో ఒక్క మాట చెప్పకుండా పోయాడు. ఆయన కోసం అన్ని ఉత్తరాలు రాసిన దాన్ని కదా, అది నాకు పెద్ద అవమానంగా తోచింది. తర్వాత నేను ఉద్యోగానికి హైదరాబాదు పోయాను. ఊరికి వచ్చినప్పుడు రెండుసార్లు ఆయనను దూరం నుంచి చూశాను. ముందు ఆయనే పలకరించాలని నిలబడ్డాను. ఆయన పలకరించలేదు. ఆ రెండూ అవమానాల లెక్కలోనే గుర్తు పెట్టుకున్నాను.

రజియా వచ్చిన ఆ మధ్యాహ్నం రొట్టెలు కాలుతుండగా, నా పిచ్చి పట్టు కొద్దీ, ఫోనులో ఆ బ్యాండు పేరు కొట్టాను. ఇన్నేళ్లలో ఈ పని ఎందుకు చేయలేదో నాకే తెలియదు. బహుశా రుజువు దొరికితే మిగిలే పని ఏమిటో నాకు తెలుసు. ఒక్క క్షణంలో వచ్చింది. నలుగురు మనుషులు, ఇటుక గోడ ముందు, బొమ్మ సహా. ఇంగ్లండులో ఒక కాలంలో వాళ్లు ఎక్కడికి పోతే అక్కడ హాళ్లు నిండేవట. ఆ ధీమాతో రెండుసార్లు అమెరికా పోయారట. కుర్చీలు ఖాళీగా ఉండేవట. అక్కడి రేడియోలు ఆ పాట వేయనే లేదట. వాళ్లలో ఇప్పుడు బతికి ఉన్న ముసలాయన, మా పాటలో లోపం ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు అన్నాడని రాశారు. ఇంగ్లండులో వెలిగి అమెరికాలో ఎవరికీ పట్టని బ్యాండ్లు ఇంకా ఎన్నో ఉన్నాయని కింద పేర్లు ఇచ్చారు. భాష ఒకటే, వాద్యాలు అవే, అయినా పాట నడి సముద్రంలోనే మునిగిపోతుందట. నల్లగొండ జిల్లా దాటని మనిషి ఆ మాట మా అరుగు మీద నిలబడి ముందే చెప్పాడు. నేను వినలేదు. అమెరికా ఆయన అబద్ధం చెప్పలేదు. పాట అబద్ధం కాదు. అక్కడ ఉన్న అబద్ధం ఒక్కటే, దాన్ని రాసింది నేను.

రొట్టె, తొక్కు రజియా ముందు పెట్టి, నిలబడే చెప్పాను. "ఆ ముక్క రాసింది నేనే. మీ నాయిన వద్దన్నా వినలే."

రజియా రొట్టె తుంచుతూ, "ఎరుకే అక్కా" అంది. "నీ నోట్లకెల్లి ఎప్పుడొస్తదా అని చూస్తున్న."

"చిచ్చా చెప్పిండా?"

"నాయినేం చెప్పలే. దానయ్య కాక చెప్పిండు. రెండు నెలలు మీ అవ్వ పంపిన రొట్టె నాయిన తినలే, ఎరుకనా? తీసుకునుడు, దానయ్య కాకకు పెట్టుడు. మీ అవ్వకు ఎరుకైంది. నీకే ఎరుక కాలే."

నేను కూర్చున్నాను. మాస్టరుకు కోపం వస్తుందని, ఆ కోపం నా మీదే ఉంటుందని నాకు ఎన్నడూ తోచలేదు.

"నువ్వు రాసినందుకు కాదు" అంది రజియా. "రాసినవ్, అయిపాయె, నాయిననే ఒప్పుకునె కద. తెల్లాయన బాగుందన్నడని నువ్వు దానయ్య కాకకు చెప్పినవట. అది విన్నంక అన్నం ముట్టలే. 'ఇంగ్లీషు రాకపోతె ఏమన్న అనుకోకపోతుంటి, అర్థమైనంక గూడ పిల్ల మూగదాయె' అన్నడట. గందుకే గది ఖాళీ చేసిండు. షెడ్డు లేదు గిడ్డు లేదు, రెండేండ్లు బూరలన్ని మా ఇంట్ల మంచం కింద ఉండె."

నన్ను దాటేసి బూరె వేసిన మనిషి ముఖం నాకు గుర్తుంది. రొట్టె తినకుండా రెండు నెలలు మా వాకిట్లో తిరిగిన మనిషి ముఖం నేను చూడనే లేదు. రజియా తినడం ముగించి చేయి కడుక్కుంది. అప్పుడు అడిగాను, "పెండ్లికి బ్యాండు పెడుతున్నవా?"

"బ్యాండెవలు పెడుతున్నరక్కా ఇప్పుడు? డీజే మాట్లాడినం."

"డీజే ఉండనీ. దానయ్య ఉన్నడా?"

"ఉన్నడు. పండ్లే లేవు."

"డోలుకు పండ్లెందుకు?"

మరుసటి వారం దేవరకొండ పోయాను. దానయ్య కొడుకు యాదగిరి క్లారినెట్టు వాయిస్తాడు, మాస్టరే నేర్పాడు. ఆ ఒక్క పాట మాత్రం నేర్పలేదు. పాట ఫోనులోనే దొరికింది, పెన్సిలు పని పడలేదు. యాదగిరి గంటలో స్వరాలన్నీ పట్టేశాడు. అప్పట్లో దానికి నెల పట్టిందని చెబితే జాలిగా చూశాడు. కానీ పాట నడవలేదు. దానయ్య గోడకు ఆనుకుని కూర్చుని, "స్వరాలొచ్చినయ్, కాళ్లు రాలే. లేసి నడువురా" అన్నాడు. మా పాత ఇల్లు ఇప్పుడు లేదు, బావి పూడ్చేశారు. దానయ్య ఇంటి ముందరి సిమెంటు రోడ్డు మీద నేనే పదహారు అడుగులు కొలిచి గీత గీశాను. మోటారు సైకిళ్లు హారన్లు కొడుతుంటే యాదగిరి మూడు రోజులు దాని మీద అటూ ఇటూ నడిచాడు. ఇప్పుడు ఏ పాటైనా, ఏ దేశానిదైనా వేలి కొసకు వస్తుంది. దాంతో ఇంత దూరం నడిచే తీరిక మాత్రం ఎవరికీ లేదు. మూడో రోజు యాదగిరి ఇద్దరు బూరల వాళ్లను పిలుచుకొచ్చాడు, దానయ్య డోలు తెమ్మన్నాడు. వాయించి చూసి, నా వైపు తిరిగి, "అమెరికమ్మా, ఇప్పుడు నడుస్తున్నది" అన్నాడు. ఆ పేరుకు నేను కోపం తెచ్చుకోలేదు. అది నాకు రావలసిన పేరే.

రజియా భర్త నందికొండలో చేపల వ్యాపారం చేస్తాడు, పెండ్లి అక్కడే. బరాత్ అదే గెస్టు హౌసు పక్క నుంచి, అదే సాయంత్రపు ఎండలో బయలుదేరింది. క్వార్టర్లు సగం ఖాళీ, గోడల మీద రావి మొలకలు. నీళ్ల ట్యాంకులో నీళ్లు ఉండవట, కూల్చేవాళ్లు లేక నిలబడి ఉంది. మలుపుకు కొంచెం ఇవతల డీజే బండి ఆపించి మైకు అడిగాను. బండి మీది పిల్లగాడు, "ఆంటీ, జర జల్ది ఇయ్యిన్రి" అన్నాడు. ఆ ఇంజనీరు అక్కడ లేడు, బతికి ఉన్నాడో లేదో కూడా తెలియదు. అప్పుడు నవ్విన వాళ్లలో ఒక్కరు కూడా ఉండి ఉండరు. అయినా ఆ చోటే చెప్పాలి.

"ఇప్పుడు వాయించే పాట ఇంగ్లండుది" అన్నాను. "అమెరికల నడువలే. అమెరికా పాటని రాసింది నేను, ఖాసిం మాస్టరు కాదు. మాస్టరు వద్దన్నడు. ఇదే తావుల అమెరికా ఆయన ఈ పాట బాగుందన్నడు, తర్వాతిది వాయించుమన్నడు. అది విన్నది గూడ నేనే. చెప్పలే. ఇప్పుడు చెప్తున్న."

పెండ్లికొడుకు స్నేహితులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు చప్పట్లు కొట్టబోయి ఆగాడు. రజియా కొంగుతో ముఖం తుడుచుకుని దానయ్యకు సైగ చేసింది. డోలు మీద మొదటి దెబ్బ పడింది. యాదగిరి మొదటి సగం ఎత్తుకున్నాడు, మెట్టు మెట్టుగా కిందికి. పిల్లలు ఇది దుఃఖం పాటా అన్నట్టు చూశారు. "జర ఆగున్రి" అన్నాను ఎవరితోనో. ట్యాంకు పక్కకు వచ్చాం. వెనక నుంచి ఎవరూ చెయ్యెత్తలేదు. డోలు ఆగింది, బూరలు ఆగాయి, క్లారినెట్టు ఒక్కటే మిగిలి పైకి ఎక్కడం మొదలు పెట్టింది. మలుపు తిరిగాం. నా కాళ్లు వాటంతట అవే అడుగులు వేస్తున్నాయి. పదహారు దాటాయి, పాట ఇంకా పైకి పోతూనే ఉంది.